ఎదురుగాలి గంట

పెర్త్ నుంచి సిడ్నీకి
మూడువేల రెండువందల ఎనభై చిల్లర కిలోమీటర్లు.
వెళ్ళేటప్పుడు నాలుగు గంటలు.
వచ్చేటప్పుడు ఐదు.
దారి అదే. విమానం అదే.
ఒక్కోసారి కిటికీ పక్క సీటూ అదే.

ఈ లెక్క నాకు చెప్పింది పైలట్ కాదు,
తొమ్మిదేళ్ళ పిల్లాడు,
ముందుపళ్ళ సందులోంచి ఈల వేస్తూ.

పేరు కాలమ్.
మొదటిసారి కాగితం మీద చూసి పైకి చదివి
నాలో నేనే నవ్వుకున్నాను.
పదకొండేళ్ళుగా ఈ కౌంటర్ వెనక నిలబడుతున్నా
కాలాన్ని చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించడం
అదే మొదలు.

ఒంటరిగా ఎగిరే పిల్లల ఫారంలో రెండు గళ్ళుంటాయి:
ఎవరు అప్పగిస్తున్నారు,
ఎవరు అందుకుంటున్నారు.
మధ్యలో ఖాళీ జాగాకి పేరు లేదు.
అక్కడ నా పొట్టి సంతకం, పైన ఆకాశంలో ఎవరిదో,
అవతల నాలాంటి మరొకరిది.
అమ్మ సంతకం ఎడమకి వాలి ఉంటుంది.
నాన్నది అక్షరాలు విడివిడిగా, కొట్టు బోర్డు రాసినట్టు.
ఆ రెండు పేర్లూ ఇప్పుడు పక్కపక్కన పడేది
మడతలు పడి తిరిగొచ్చే ఈ పచ్చ కాగితం మీదే.

"రావడానికే ఎందుకు ఎక్కువసేపు?"
జూలై సెలవుల్లో అడిగాడు.
పైన ఒక ఏరుంది, నీళ్ళు లేని ఏరు,
పడమట పుట్టి తూర్పుకి పారుతుంది,
పోయేటప్పుడు వీపున చెయ్యేసి తోస్తుంది,
వచ్చేటప్పుడు రొమ్మున చెయ్యి పెట్టి ఆపుతుంది అన్నాను.

ఒప్పుకోలేదు.
"మరి గడియారం అలా అనట్లేదుగా.
ఇక్కడ తొమ్మిదికి ఎక్కితే అక్కడ మూడవుతుంది,
అక్కడ తొమ్మిదికి ఎక్కితే ఇక్కడ పన్నెండే."
నిజమే.
గోడ మీది లెక్కలో పోవడానికి ఆరు, రావడానికి మూడు.
నడుము లెక్కలో పోవడానికి నాలుగు, రావడానికి ఐదు.
ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి రాజీ చెయ్యడం
నా ఉద్యోగంలో లేదు.
వాడూ ప్రయత్నించి మానేసినట్టున్నాడు.

మా వైపు బండి తోలే గవిరయ్య
దూరాన్ని చుట్టలతో కొలిచేవాడు.
సంత రెండు చుట్టలు, రైలు స్టేషను ఐదు.
అది చెబితే కాలమ్ తన కొలత చెప్పాడు:
పోవడానికి రెండు సినిమాలు.
రావడానికి రెండు సినిమాలు, ఒక నల్లార్బర్.

నల్లార్బర్ అంటే ఎడారి కదరా అన్నాను.
కాదట.
కింద ఒక్క చెట్టయినా లేనిచోట
ఏమీ చెయ్యకుండా కిందికి చూస్తూ ఉండటమట.
"అప్పుడు నేను ఎవరి దగ్గరా లేను" అని,
వెంటనే షూ లేసు కట్టుకోవడానికి వంగాడు.

అక్టోబరులో ఒకరోజు
గాలికి ఒంట్లో బాగోలేదేమో,
విమానం ముప్పై ఎనిమిది నిమిషాలు ముందే దిగింది.
అందరూ నవ్వు ముఖాలతో సంచులు దింపుకుంటుంటే
వీడు ముఖం మాడ్చుకుని వచ్చాడు.
"నల్లార్బర్ సగమే ఇచ్చారు."

వాళ్ళమ్మ ఇంకా రాలేదు.
సామాను బెల్టు పక్క బెంచీ మీద కూర్చున్నాం.
ఎవరిదో నీలం పెట్టె తిరిగి తిరిగి వస్తోంది.
ఊసుపోక వాడికి వాడి పేరు మా భాషలో ఏమిటో చెప్పాను.
చాలాసేపు ఆలోచించి
చేతి వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు.
ఇంకేం మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.
పెట్టె ఇంకో నాలుగుసార్లు తిరిగింది.

సరిగ్గా బోర్డు మీద రాసిన వేళకి
అద్దాల తలుపులు తెరుచుకున్నాయి.
ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో కారు తాళాలు,
రొప్పుతూ ఆమె.
"ఆలస్యమైందా? ఎంతసేపయింది నువ్వొచ్చి?"

వాడు నావైపు ఒక్కసారి చూశాడు.
"ఇప్పుడే దిగాను" అన్నాడు కాలమ్.

నేను పెన్ను మూత తీసి
ఆమె చేతికిచ్చాను.